లెక్కలకు కాళ్ళున్న కాలం

మా ఊరు నంబులపూలకుంటలో వాన ఊరంతా ఒక్కలా పడదు. చెరువు కట్టకు ఈ పక్క చేను తడుస్తుంది, ఆ పక్క చేనులో దుమ్ము లేస్తుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్న సంగతి ఇది. మా మనవరాలు హైదరాబాదులో అర్థశాస్త్రం చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడల్లా ల్యాప్‌టాప్‌లో పటం తెరిచి, "తాతా, ఇదిగో మన మండలం" అని చూపిస్తుంది. మండలమంతా ఒకే రంగు. ఒక గడి, ఆ గడికొక అంకె. ఆ అంకె మీద పంట దిగుబడి, దిగుబడి మీద రైతు ఆదాయం, ఆదాయం మీద ప్రభుత్వం పెట్టాల్సిన ఖర్చు, ఇట్లా ఒకదాని నెత్తిన ఒకటి లెక్కలు కట్టుకుంటూ పోతారు. దాన్నే మోడల్ అంటారు. పిల్ల తెలివైనది, దాన్ని నేను ఏమీ అనడం లేదు. కానీ ఆ ఒక్క రంగు చూసినప్పుడల్లా నాకు కడుపులో రగులుతుంది.

నేను గణాంక శాఖలో కింది మెట్టు మీద పనిచేసినవాణ్ణి. కదిరి తాలూకాగా ఉన్న రోజుల్లో చేరాను. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, నేను అదే పనిలో ఉన్నాను. మా రోజుల్లో మోడల్ అనే మాట మా నోట్లో లేదు, అంచనా అనేవాళ్ళం. ఆ అంచనా ఎక్కడ పుట్టేదో చెబుతాను వినండి. యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక తెరిచి సర్వే నంబరు ఎంచుకోవాలి. మనకు నచ్చిన చేను కాదు, పట్టిక చెప్పిన చేనుకే పోవాలి. అది గుట్ట పక్కన ముళ్ళలో ఉన్నా సరే. చేను నైరుతి మూల నిలబడి, పట్టికలో వచ్చినన్ని అడుగులు పొడవుకు, మళ్ళీ ఇంకో అంకె ప్రకారం వెడల్పుకు నడిచి, అక్కడ గూటం దిగ్గొట్టి, 5 మీటర్లకు 5 మీటర్లు తాడు కట్టాలి. ఆ మడిలోని శనక్కాయ చెట్లన్నీ పెరికి, కాయలు వలిచి, తూకం వేసి, కొంత ఎండబెట్టి మళ్ళీ తూయాలి. రైతు పక్కనే నిలబడి ఉంటాడు. "సార్, ఊడలు దిగేటప్పుడు వాన ఎగ్గొట్టింది, అందుకే ఈ లొట్ట కాయలు" అంటాడు. ఆ మాట రాయడానికి ఫారంలో గడి ఉండేది కాదు. కానీ నా చెవిన పడేది. ఆఫీసులో ఫేసిట్ మిషన్ తిప్పి సగటు తీసేటప్పుడు ఆ మాట నాతో ఉండేది. అంకె మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో వస్తే, ఎక్కడ తప్పిందో నాకు తెలిసేది.

అంటే ఆ కాలమంతా బంగారమని రాయబోవడం లేదు. ఊరు చూడకుండా వేసిన లెక్క మనుషుల్ని ఏం చేస్తుందో మా సీమకు తెలిసినంత మరొకరికి తెలియదు. ధాత సంవత్సరపు కరువు సంగతే తీసుకోండి, అది 1876 నుంచి 1878 దాకా నడిచింది. కరువు పనుల్లో మట్టి మోసే మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, పైన ఒక అణా చాలునని వైస్రాయి పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టాడు. ఖజానా మిగలాలన్నది ఆ లెక్కకు మూలం. ఆ తిండితో పని చేసే మనిషి బతకడని మద్రాసు ఆరోగ్య అధికారి కార్నిష్ ఎదురు రాశాడు, ఎందుకంటే ఆయన శిబిరాల్లో శరీరాలు చూశాడు. ఒకాయన లెక్కలో మనిషి ఖర్చు, ఇంకొకాయన లెక్కలో మనిషి మనిషే. విధానానికి ఉపయోగపడే పరిశోధన అంటే ఏమిటన్న తగాదా నాకు తెలిసి అక్కడే మొదలైంది. ఇప్పటికీ తెగలేదు.

దానికి 70 ఏళ్ళ ముందు థామస్ మన్రో సంగతి వేరు. 1800లో నిజాం మా దత్త మండలాలను ఈస్టిండియా కుంపిణీకి ఇచ్చేస్తే, మన్రో ఇక్కడ ఏడేళ్ళు ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్నాడు. గుడారాల్లో తిరుగుతూ చేను చేనూ కొలిపించాడు. అంతా కొలిచాక 1807లో, ఈ శిస్తు రైతు మోయలేడు, నాలుగో వంతు తగ్గించండి, తగ్గిస్తే సాగు పెరుగుతుంది అని పైకి రాశాడు. పరాయి ప్రభుత్వానికి పన్ను రాబట్టడానికి వచ్చిన మనిషి ఆయన, నాకు ఆ విషయంలో భ్రమ లేదు. కానీ ఆ వాదన చూడండి: పన్ను మారితే రైతు ఏం చేస్తాడు, రైతు చేసినదానికి ఖజానా ఏమవుతుంది. ఈనాడు కంప్యూటర్లు చేసే పని అదే. ఆయనకు కాళ్ళ కింద నేల ఉంది. పైవాళ్ళు వెంటనే వినలేదు, అది వేరే కథ.

స్వతంత్రం వచ్చాక లెక్కలకు గొప్ప రోజులు వచ్చాయి. ప్రశాంత చంద్ర మహలనోబిస్ కలకత్తాలో 1931లో పెట్టిన భారత గణాంక సంస్థ నుంచే రెండో పంచవర్ష ప్రణాళికకు మోడల్ వచ్చింది. దేశ ఆర్థిక వ్యవస్థ మొత్తాన్ని నాలుగు భాగాలు చేసి, 5,600 కోట్ల రూపాయల పెట్టుబడిని వాటికి పంచి, ఆదాయం ఏటా 5 శాతం పెరగాలి, 1.1 కోట్ల మందికి పని దొరకాలి అని సమీకరణాలు రాశారు. యంత్రాలు చేసే యంత్రాలకు మూడో వంతు. దీని మీద నాకు కోపం ఉంది. ఆ నాలుగు గళ్ళలో వాన కోసం ఎదురుచూసే మెట్ట రైతు ఎక్కడా కనపడడు. తిండి గింజలు, కూలి జనం కొనే సరుకులు ముందు పెరగాలని అర్థశాస్త్రవేత్తలు వకీల్, బ్రహ్మానంద అప్పుడే వాదించారు. పెట్టుబడికి అంత డబ్బెక్కడిదని బి.ఆర్. షెనాయ్ అసమ్మతి పత్రం రాశాడు. వాళ్ళు ఆ వాదన చేయగలిగారంటే కారణం, ఆ మోడల్ కాగితం మీద నాలుగు వరసల్లో కనపడేది. చదువుకున్న ఏ బడిపంతులైనా దాన్ని పట్టుకొని, ఈ అంకె తప్పు అనగలిగేవాడు. ఇప్పటివాటిలో వేల సమీకరణాలు ఉంటాయి. తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించేవాడు ఆ గదిలో ఇద్దరో ముగ్గురో.

మహలనోబిస్ దగ్గర నేను కాలు మొక్కే సంగతి ఇంకొకటి ఉంది. 1950లో నేషనల్ శాంపిల్ సర్వే మొదలుపెట్టించాడు. లెక్క కావాలంటే మనిషి ఇంటి గడప దాకా పోవాలని దేశానికి నేర్పాడు. నాలాంటి వాళ్ళ అన్నం అక్కడి నుంచే వచ్చింది.

ఇక నా మనసుకు దగ్గరైన విషయానికి వస్తాను. పటాన్‌చెరులో 1972లో మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పెట్టారు. 1975లో వాళ్ళు ఒక పని మొదలుపెట్టారు. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లి, డోకూరు, మహారాష్ట్రలో ఇంకో నాలుగు ఊళ్ళు ఎంచుకున్నారు. ఊరికి 40 కుటుంబాలు, అందులో 10 భూమి లేనివి, 10 చిన్న రైతులవి, 10 మధ్యస్థులవి, 10 పెద్ద రైతులవి. ప్రతి ఊళ్ళో ఒక పరిశోధకుడు కాపురం ఉన్నాడు. వచ్చి పోవడం కాదు, ఉండడం. మూడు నాలుగు వారాలకొకసారి ప్రతి ఇంటికీ పోయి ఏం తిన్నారు, ఏం అమ్మారు, ఎవరి దగ్గర చేబదులు తెచ్చారు, ఎద్దు ఎందుకు అమ్మారు అని రాసుకున్నాడు. కొన్ని ఊళ్ళలో పదేళ్ళ పాటు. పదేళ్ళు ఒకే ఇంటి కష్టసుఖాలు రాయడం ఎట్లాంటి పనో ఫీల్డు మీద తిరిగినవాళ్ళకు తెలుస్తుంది.

ఆ ఊళ్ళలోనే హాన్స్ బిన్స్‌వాంగర్ అనే అర్థశాస్త్రవేత్త రైతులతో నాణేల ఆట ఆడించాడు. ఉత్తుత్తి ప్రశ్నలు కాదు, నిజమైన డబ్బు. ఒక పందెంలో తక్కువ వస్తుంది కానీ కచ్చితంగా వస్తుంది, ఇంకోదాంట్లో పెద్ద మొత్తం రావచ్చు, ఏమీ రాకపోవచ్చు. పెద్ద పందెంలో గెలిస్తే కూలి మనిషికి నెల సంపాదన కంటే ఎక్కువ. బీదవాడు పిరికివాడు, అందుకే కొత్త విత్తనం వేయడు అని అప్పటిదాకా పుస్తకాల్లో రాసేవాళ్ళు. ఆట అయ్యాక చూస్తే, పందెం పెద్దదైనప్పుడు ఉన్నవాడూ లేనివాడూ ఇంచుమించు ఒకే తీరుగా జంకారు. అంటే బీదవాడి గుండెలో తేడా లేదు, వాడి చేతిలో అప్పు పుట్టదు, అంతే. 1980లో అచ్చయిన ఈ ఫలితం నాకు ఇప్పటికీ గౌరవం. మా రైతును తిట్టే నోళ్ళు మూయించింది.

అదే లెక్కలు తీసుకొని 1994లో రాబర్ట్ టౌన్‌సెండ్ ఒక మోడల్ పెట్టాడు. ఊళ్ళో ఒకరికి కష్టం వస్తే ఇంకొకరు సాయం పడతారు, కాబట్టి ఒక ఇంటి తిండి ఆ ఇంటి ఆదాయంతో కాకుండా ఊరి మొత్తం తిండితో పాటు పెరిగి తరుగుతుంది అని. లెక్క చాలావరకు కుదిరింది. భూమి లేనివాళ్ళ దగ్గరికి వచ్చేసరికి అంతగా కుదరలేదు. మనవరాలు ఈ వ్యాసం అచ్చు తీసి ఇస్తే నేను మూడు రాత్రులు చదివించుకున్నాను. నిజమే, మా ఊళ్ళో బదులు పుడుతుంది, పెళ్ళికీ చావుకూ చేయి కలుస్తుంది. కానీ వాన ఎగ్గొడితే అందరికీ ఒక్కసారే ఎగ్గొడుతుంది. పక్కింట్లో గింజలుంటే కదా బదులు ఇచ్చేది? చేను చేనుకూ తేడా ఉండే వాన కరువేడు వచ్చేసరికి ఊరందరినీ ఒకటి చేస్తుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర తచ్చాడే మా సీమలో ఊరు తనను తాను కాచుకోవడం ఒక హద్దు దాకానే. ఆ పైన రాజ్యం రావాలి.

రాజ్యమే కాదు, బీమా కంపెనీలూ వచ్చాయి. 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో బేసిక్స్ అనే సూక్ష్మ రుణ సంస్థ, ఐసిఐసిఐ లాంబార్డ్ అనే బీమా కంపెనీ కలిసి వాన బీమా అమ్మకానికి పెట్టాయి. తరువాత మా అప్పటి అనంతపురం జిల్లాలోనూ అమ్మారు. పంట చూసేది లేదు. వానగేజీలో ఇన్ని మిల్లీమీటర్ల కంటే తగ్గితే ఇంత డబ్బు. విత్తే దశకు ఒక లెక్క, కాయ ఊరే దశకు ఒక లెక్క. ఎవరూ మోసం చేయలేరు, అధికారి కోసం కాచుకోనక్కరలేదు. కాగితం మీద ఇంత అందమైన మోడల్ ఇంకోటి లేదు. భయస్తుడే ముందు కొనాలి కదా? జావియర్ జినే, టౌన్‌సెండ్, జేమ్స్ వికరీ ఆ రెండు జిల్లాల్లో రైతుల్ని అడిగి 2008లో రాసిన దాంట్లో తేలినది తలకిందులు: కొన్నవాళ్ళే తక్కువ, అందులోనూ జంకే స్వభావం ఉన్నవాళ్ళు ఇంకా తక్కువగా కొన్నారు. తెలిసిన మనిషి పక్కనుండి పరిచయం చేస్తే కొనేవాళ్ళు పెరిగారని ఆ తరువాతి పరీక్షలు చెప్పాయి.

ఇది తెలుసుకోవడానికి అన్నేళ్ళు పట్టిందేమని నా బాధ. వానగేజీ ఉండేది ఒకచోట, చేను ఉండేది ఇంకోచోట. గేజీలో పదును వాన కొలిచారు, నా చేనులో గొర్రు దిగలేదు, అప్పుడు నాకు డబ్బు రాదు, పంటా రాదు, కట్టిన ప్రీమియమూ పోయింది. ఉన్న కష్టానికి ఇంకో కష్టం. జంకే మనిషి దానికి దూరంగా ఉండడం వివేకం. నంబులపూలకుంటలో ఏ ముసలామెను అడిగినా ఈ మాట ఒక పూటలో చెప్పి ఉండేది. పోనీ ఈ ఆలోచన కొత్తదా? మన హిందూపురం దాటితే అప్పట్లో మైసూరు సంస్థానమే. ఆ సంస్థానంలో పనిచేసిన జె.ఎస్. చక్రవర్తి 1920లోనే వానను బట్టి రైతుకు బీమా ఇచ్చే పథకం పుస్తకంగా రాశాడు. ఎనభై ఏళ్ళు దాన్ని తెరిచి చూసినవాళ్ళు తక్కువ. చివరికి ప్రపంచమంతా అదే కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడింది.

1976లో రాబర్ట్ లూకాస్ అనే అమెరికా అర్థశాస్త్రవేత్త ఒక పెద్ద విమర్శ చేశాడు. పాత లెక్కలు చూసి వేసిన మోడల్‌తో కొత్త విధానాన్ని తూచకూడదు, విధానం మారగానే మనుషుల నడవడీ మారుతుంది అని. పెద్ద పెద్ద మోడళ్ళు దాంతో కదిలిపోయాయి. ఆయన పేరు నాకు అప్పుడు తెలియదు. కానీ ఆ సంగతి ఊరి పంటల లెక్క రాసే అడంగల్‌లో నా కళ్ళ ముందు జరిగింది. 1985 తరువాత పంట రుణంతో పాటే బీమా కట్టించుకున్నారు. బ్యాంకు అప్పు శనక్కాయకు, బీమా శనక్కాయకు, సబ్సిడీ విత్తనం శనక్కాయది, కరువొస్తే పెట్టుబడి రాయితీ శనక్కాయకు. ఇక కొర్ర, ఆరిక, అనపకాయ ఎవడు వేస్తాడు? పదును దాటిపోయినా, వేస్తే రాదని తెలిసినా, ఏదో ఒక లెక్కలో డబ్బు వస్తుందని శనక్కాయే వేశారు. నష్టాన్ని కాచడానికి పెట్టిన పథకమే నష్టపు పంటను పట్టుకొని వేలాడేటట్టు చేసింది. సాలు సాలుకూ అడంగల్‌లో చిరుధాన్యాల గడి తరిగిపోవడం నేను నా చేత్తో రాశాను. పైకి పంపే పట్టికలో అది "వేరుశనగ విస్తీర్ణం పెరుగుదల" అని పోయేది. పెరుగుదల అన్న మాట చూసి ఎవరైనా సంతోషించి ఉంటారేమో అని ఈనాటికీ నాకు మనసు చివుక్కుమంటుంది.

కొత్తదంతా తప్పని నేను అనను. ఒక దారం చెబుతాను. నారాయణ, కిరీట్ పారిఖ్, టి.ఎన్. శ్రీనివాసన్ కలిసి దేశం మొత్తం సరుకులూ ధరలూ కూలీలూ ఒకదానితో ఒకటి ముడిపెట్టి మోడల్ కట్టారు. పల్లెల్లో ఉపాధి పనులు సరిగ్గా నడిపితే పేదరికం బాగా తగ్గుతుంది, అభివృద్ధికి పెద్ద దెబ్బ తగలదు అని 1988లో చెప్పారు. చెప్పిన 18 ఏళ్ళకు, 2006 ఫిబ్రవరి 2న, అప్పటి మా జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలోనే ఉపాధి హామీ పథకం మొదలైంది. మన్మోహన్ సింగ్ వచ్చారు. టెంపుల్ ఒక పౌను లెక్క వేసిన సీమలో పని అడగడం హక్కు అయింది. ఆ రోజు పేపర్లో వార్త చదువుతుంటే నా కళ్ళు తడిశాయి.

తరువాత కూలి డబ్బు చేతికి రావడానికి బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డులు తెచ్చారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే అర్థశాస్త్రవేత్తలు ఆ కార్డులు ముందు ఏ మండలానికి, తరువాత ఏ మండలానికి అన్నది చీటీలు తీసినట్టు తీయించారు. 8 జిల్లాలు, అందులో మా అనంతపురం ఒకటి. 157 మండలాలు, 1.9 కోట్ల జనం. చీటీలో ఆలస్యంగా పేరు వచ్చిన మండలం కూలీ ఏం పాపం చేశాడని నేను మనవరాలితో పోట్లాడాను. అందరికీ ఒకేసారి ఇచ్చే శక్తి ప్రభుత్వానికి ఎట్లాగూ లేదు, ఎవరికి ముందో పలుకుబడి తేల్చడం కంటే చీటీ తేల్చడం నయం తాతా అంది. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. 2023లో అచ్చయిన ఫలితం మాత్రం నన్ను ఆపేసింది. పథకం సరిగ్గా నడిచిన చోట పేద ఇళ్ళ సంపాదన 14 శాతం పెరిగింది. ఆ పెరిగినదాంట్లో 86 శాతం పథకం డబ్బు కాదు, బయటి పనుల్లో వచ్చినది. ఉపాధి పని ఉందని తెలిస్తే చేను యజమాని కూలి పెంచక తప్పదు. మా ఆడకూతుళ్ళు ఆ మాట ఎప్పుడో చెప్పారు. కానీ చెప్పినదాన్ని ఢిల్లీ నమ్మాలంటే ఇట్లాంటి లెక్క కావాలి. ఆ లెక్క కోసం ఇల్లిల్లూ తిరిగిన పిల్లలకు నా దండం.

నా గొడవంతా ఆ తిరగడం తగ్గిపోతోందనే. 1984లో కరణాల్ని తీసేశారు. ఆ వ్యవస్థలో అన్యాయం ఉంది, పోవలసిందే. కానీ ఏ చేను ఎవరిదో, ఏ బావి ఎప్పుడు ఎండిందో నోటికి చెప్పే మనిషి కూడా దాంతో పోయాడు. ఆ ఖాళీలోకి అట్లాంటి మనిషి రాలేదు. ఇప్పుడు ఈ-క్రాప్ యాప్ ఉంది, చేను ఫొటో ఉంది, ఉపగ్రహం పచ్చదనం చూసి దిగుబడి చెబుతుంది. పైనుంచి చూస్తే శనక్కాయ చెట్టు పచ్చగానే ఉంటుంది. కాయ ఉండేది భూమి లోపల. లొట్టదో గట్టిదో పెరికి చూస్తేనే తెలుస్తుంది.

మా ఊరికి ఇప్పుడు పెద్ద పేరు వచ్చింది. 1,500 మెగావాట్ల సోలార్ పార్కు అని ఎక్కడెక్కడివాళ్ళో చెప్పుకుంటారు. 2016లో ఎన్టీపీసీ 250 మెగావాట్లతో కరెంటు మొదలైంది. కరెంటు కావాలి, ఎండ తప్ప ఏమీ మిగలని నేలకు అది మంచిదే. కానీ దేశవిదేశాల్లో సోలార్ మీద వేసే మోడళ్ళు మనవరాలు చూపిస్తుంటే నేను ఒకటే గడి వెతుకుతాను: నేల. చాలావాటిలో బంజరు అని రాసి దాని విలువ సున్నా వేస్తారు. బీడు అంటే ఊరికే పడి ఉన్నది కాదు. అది గొర్రెల కడుపు.

పోయిన ఏడు ఒక సంస్థ తరఫున ఒక అబ్బాయి ట్యాబ్ పట్టుకొని సర్వేకు వచ్చాడు. మంచి పిల్లవాడు, ఎండలో చెమటలు కక్కుతూ తిరిగాడు. తోడు రమ్మంటే పోయాను. ఒక గొర్రెలామె ఇంటి ముందు కూర్చున్నాం.

"భూమి ఎంతుందమ్మా?"

"సెంటు గూడా ల్యా నాయనా."

సున్నా నొక్కాడు. ట్యాబ్ వ్యవసాయం, పశువుల ప్రశ్నలన్నీ దాటేసి ఒక్క దూకులో కూలి పనుల పేజీకి పోయింది. భూమి లేనివాళ్ళకు పశువులు ఉండవని ఆ ప్రశ్నలు రాసినవారు అనుకున్నారు. దొడ్లో గొర్రెలు అరుస్తున్నాయి. "వెనక్కి పో నాయనా" అన్నాను. "పోదు సార్, సున్నా వేస్తే ఆ పేజీ తెరుచుకోదు" అన్నాడు. వాడి చేతిలో ఏమీ లేదు.

నేను జేబులోంచి కాగితం తీశాను. ఆమెను అడిగి రాశాను. గొర్రెలు 42, రెండేళ్ళ కింద 70. అప్పుడు మేత బీడు ఇంటికి ఎంత దూరం, ఇప్పుడు ఎంత దూరం. నీళ్ళు ఏ కుంటలో. అమ్మినవి ఏ నెలలో, ఏ ధరకు, ఎందుకు. కింద తేదీ వేసి, ఆమె చెబుతుంటే విని రాసినట్టు సంతకం పెట్టి అబ్బాయి చేతికిచ్చాను. వాడు దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.